ఓలుఫ్ జేబులో చీటీ

ఓలుఫ్ ఒక ఎలుగుబంటి బొమ్మ. మా మనవరాలు టిల్డె చదివే ఒకటో తరగతిలో వాడి పెత్తనం అంతా ఇంతా కాదు. ప్రతి శుక్రవారం ఒక పిల్లో పిల్లాడో వాడిని ఇంటికి తీసుకెళ్ళాలి. వాడితోపాటు ఒక లావుపాటి నోటుబుక్కు కూడా వస్తుంది. ఓలుఫ్ ఆ ఇంట్లో ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఏమేం చూశాడు, అన్నీ అందులో రాసి పంపాలి. సోమవారం పొద్దున్న పిల్లలంతా గుండ్రంగా కూర్చుంటే టీచర్ చదివి వినిపిస్తుంది.

ఆ పుస్తకం తిరగేస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకళ్ళు వాడిని తెరచాప పడవ ఎక్కించారు. ఇంకొకళ్ళు నార్వే తీసుకెళ్ళి మంచు మీద జారించారు. ఒకావిడ వాడికోసం మూడంతస్తుల కేకు చేసి, పక్కన తను కూడా నిలబడి ఫొటో తీయించుకుంది. ఇది పిల్లల పుస్తకమా, తల్లిదండ్రుల గొప్పల పుస్తకమా? నేను అరవై ఎనిమిదేళ్ళలో తిరగని ఊళ్ళు ఆ దూదిబొమ్మ ఒక్క ఏడాదిలో తిరిగేసింది.

నా పేరు ఎవాల్డ్. ఎస్బియెర్ అనే రేవు పట్నంలో నలభై రెండేళ్ళు ప్లంబర్‌గా పనిచేశాను. ఈ ఊళ్ళో నేను చెయ్యి పెట్టని గొట్టాలు తక్కువ. ఇప్పుడు పని మానేశాను గానీ పని నన్ను మానలేదు. ఎవరింటికి వెళ్ళినా కాఫీకన్నా ముందు కుళాయి వంకే చూస్తాను. నా కూతురు రిక్కె వృద్ధాశ్రమంలో నర్సు. వారం విడిచి వారం శని, ఆదివారాల్లో డ్యూటీ. అల్లుడు సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఓడ మీద పనిచేస్తాడు, రెండు వారాలకోసారి ఇల్లు చేరతాడు. అందుకని ఆ వారాల్లో టిల్డె నా దగ్గరే ఉంటుంది. ఈసారి ఓలుఫ్‌ని చంకలో పెట్టుకుని మరీ దిగింది.

టిల్డె సంగతి ఇక్కడే చెప్పాలి. దాని పేగులో చివరి జానెడు ముక్క నిద్రపోతూనే పుట్టింది. ఆ ముక్కలో నరాలు లేవు, కాబట్టి కదలదు, పైనుంచి వచ్చింది కిందికి పోదు. నాలుగో నెలలో డాక్టర్లు ఆ ముక్క కోసేసి, పైనున్న మంచి పేగుని కిందికి లాగి కుట్టారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందన్నారు. నిజమే, పిల్ల దక్కింది, వాళ్ళకి దండం పెడతాను. కానీ ఆ తర్వాత ఏడేళ్ళ సంగతి ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. ఆ పేగుకి ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో ఇప్పటికీ తెలీదు. కొన్నాళ్ళు రాయిలా బిగుసుకుపోతుంది. కొన్నాళ్ళు పిల్లకి తెలియకుండానే జారిపోతుంది. అందుకే రోజూ సాయంత్రం ఆరింటికి టాయిలెట్ మీద కూర్చోబెట్టి, సన్నటి గొట్టంతో గోరువెచ్చని నీళ్ళు లోపలికి పంపి, పేగు కడిగి ఖాళీ చెయ్యాలి. నలభై నిమిషాలు పడుతుంది. ఒక్కరోజు మానేసినా మర్నాడు బడిలో అవస్థే. దాని సంచిలో ఎప్పుడూ రెండు ప్యాంట్లు అదనంగా ఉంటాయి.

చిన్నబడిలో పిల్లలు దాన్ని రెండేళ్ళపాటు "కంపు టిల్డె" అన్నారు. అందుకే పెద్దబడిలో చేరినప్పుడు రిక్కె గట్టిగా అనుకుంది, టీచర్ డోర్టెకి తప్ప ఎవరికీ తెలియకూడదని. టిల్డె కూడా ఆ రహస్యాన్ని పెద్ద మనిషిలా కాపాడుకుంటోంది. ఎవరింటికీ ఆడుకోడానికి వెళ్ళదు. పై శుక్రవారం తరగతి మొత్తం స్లీపింగ్ బ్యాగులతో బడిలోనే పడుకోవాలి. దాని పక్కన కూర్చునే ఆల్బెర్టె "నా పరుపు నీ పరుపు పక్కపక్కనే వేసుకుందాం" అంటే, "నాకు బడిలో పడుకోవడం అసహ్యం" అని చెప్పి వచ్చిందట. ఆ మాట నాకు చెప్తూ రై రొట్టె మీద లివర్ పేస్ట్ పూసిందే పూసింది, తినలేదు.

శనివారం ఆరింటికి నీళ్ళు సిద్ధం చేశాను. నా పాత థర్మామీటర్, హీటర్ల గొట్టాలకి వాడేది, ముప్పై ఏడు చూపించేదాకా కుళాయిలతో కుస్తీ పట్టాను. రిక్కె మోచేత్తో చూసుకుంటుంది. నాకలాంటివి గిట్టవు. చల్లగా ఉంటే పిల్లకి కడుపులో మెలిపెట్టేస్తుంది.

ఓలుఫ్ మాసిన బట్టల బుట్ట మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. వాడికి నీలం రంగు డంగరీ, ఛాతీ మీద ఒక జేబు.

"తాతయ్యా, ఓలుఫ్‌కి కూడా కడుపు బిగుసుకుపోయింది," అంది టిల్డె.

"ఎప్పట్నించి?"

"నార్వే వెళ్ళినప్పట్నించి. ఎవరూ పట్టించుకోలేదు. కేకు కూడా పెట్టేశారు పైగా."

"మూడంతస్తుల కేకు. ఛ, మనుషులేనా వాళ్ళు!"

టిల్డె కిసుక్కున నవ్వింది. "ప్లంబర్ గారూ, మా ఓలుఫ్‌ని కాస్త చూస్తారా?"

అంతే, నేను వెళ్ళి నా పాత పనిసంచీ తెచ్చాను. అందులో చీటీల పుస్తకం ఇంకా ఉంది. పైన తెల్ల కాగితం, కింద పసుపు కాగితం, మధ్యలో కార్బన్. నలభై రెండేళ్ళు ప్రతి ఇంట్లోనూ పని అయ్యాక మోకాలి మీద పెట్టుకుని అదే రాశాను. బాత్‌టబ్ అంచున కూర్చుని, పెన్సిల్ చెవి మీంచి తీశాను.

"కస్టమర్ పేరు?"

"ఓలుఫ్."

"ఫిర్యాదు?"

"పొట్ట బిగుసుకుపోయింది. టిల్డెకి లాగే."

రాశాను. "చేసిన పని?"

"టిల్డెకి రోజూ చేసినట్టే. గొట్టంతో నీళ్ళు పంపి కడగడం. నలభై నిమిషాలు. నీళ్ళు ముప్పై ఏడు డిగ్రీలు ఉండాలి, అది కూడా రాయి. చల్లగా ఉంటే ఓలుఫ్ ఏడుస్తాడు."

అదీ రాశాను. ఓలుఫ్‌కి ఉత్తుత్తి గొట్టం ఒకటి పెట్టాం. టిల్డె గొంతు మార్చి వాడి తరఫున మూలిగింది. తర్వాత వచ్చే గడి దగ్గర నా పెన్సిల్ ఆగింది. "లోపానికి కారణం" అని ఉంటుంది, దాని కింద మూడు గళ్ళు: వాడకంలో తప్పు, అరుగుదల, మొదట్నించీ ఉన్న లోపం. ఎక్కువమంది ఇళ్ళలో మొదటి గడే. సింకులో బంగాళాదుంప తొక్కలు పడేసి, మాకేం తెలీదంటారు.

"అదేంటి?" అంది టిల్డె.

చదివి వినిపించాను. కాళ్ళు ఊపడం మానేసింది.

"తాతయ్యా, నాది మొదటి గడా?"

"ఏంటీ?"

"డోర్టె రాని రోజున ఇంకో టీచర్ వచ్చింది కదా. నా ప్యాంటు పాడైతే ఆవిడ అంది, ఇంత పెద్దపిల్లవి, టైముకి వెళ్ళాలని తెలీదా అని. నేను ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తే రాకుండా ఉంటుందా?"

ఆ టీచర్ ఆ నిమిషంలో నాకు దొరికి ఉంటే ఏమనేవాడినో నాకే తెలీదు. టబ్ అంచు మీంచి జారి నేల మీద కూర్చున్నాను, దాని మొహం నాకు సరిగ్గా కనిపించేలాగా.

"ఇటు చూడు తల్లీ. నేను ఎన్ని ఇళ్ళు చూశానో నీకు తెలుసా? కట్టినప్పుడే గొట్టం తప్పుగా వేసిన ఇంట్లో, ఉన్నవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉన్నా కారుతుంది. వాళ్ళ తప్పు అని ఏనాడూ రాయలేదు నేను. రాస్తే నేను ప్లంబర్నే కాదు."

మూడో గడిలో టిక్కు పెట్టాను. దాని పక్కన ఖాళీ ఉంటే పెద్ద అక్షరాలతో రాశాను: కస్టమర్ తప్పేమీ లేదు.

"ఇప్పుడు కస్టమర్ సంతకం," అని పెన్సిల్ అందించాను. "ఓలుఫ్ తరఫున నువ్వు పెట్టు."

టిల్డె ఆ కాగితం వంక చూసింది, పెన్సిల్ వంక చూసింది. "ఓలుఫ్‌కి రాయడం రాదు," అని తల తిప్పేసుకుంది. నేను బలవంతపెట్టలేదు. చీటీ పుస్తకంలోంచి పరపరా చింపి తీశాను, సామాను సర్దాను. ఆ పిల్ల నా మాట నమ్మలేదని నాకు తెలుసు. పెద్దవాళ్ళు ఇలాంటివి ప్రేమకొద్దీ చెప్తారని దానికి ఏడేళ్ళకే అర్థమైపోయింది.

ఆదివారం నోటుబుక్కు రాశాం. అది చెప్పింది, నేను రాశాను. ఓలుఫ్ రేవు దగ్గరికి వెళ్ళాడు, గాలికి వాడి చెవి ఊడబోయింది, మధ్యాహ్నం అట్లు తిన్నాడు. "శనివారం సాయంత్రం?" అని అడిగాను.

"టీవీ చూశాడు."

నేను తలెత్తి చూశాను.

"టీవీ చూశాడని రాయి తాతయ్యా. బాత్రూమ్ సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఒట్టు?"

చెయ్యి చాపింది. నేను చెయ్యి కలిపాను. మా దగ్గర చేతులు కలిపితే కాగితం మీద రాసుకున్నంత.

సోమవారం పొద్దున్న వాళ్ళిద్దర్నీ సైకిల్ ముందున్న పెట్టెలో కూర్చోబెట్టి బడిలో దింపి వచ్చాను. తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. డోర్టె.

"ఎవాల్డ్ గారూ, మీరు ఒకసారి రాగలరా? కంగారేం లేదు, టిల్డె బాగానే ఉంది. ఓలుఫ్ జేబులో మీ చీటీ ఒకటి దొరికింది."

పనిసంచీ లాగి చీటీల పుస్తకం తెరిచాను. పసుపు కాగితం ఉంది. తెల్లది లేదు. అప్పుడు గుర్తొచ్చింది. చీటీ చింపాను, నాలుగు మడతలు పెట్టాను, ఓలుఫ్ జేబులో దోపాను. తెల్లది కస్టమర్‌కి, పసుపుది మనకి. నలభై రెండేళ్ళు రోజుకి ఐదారుసార్లు చేసిన పని, నన్నడక్కుండానే నా చేతులు చేసేశాయి. పిల్ల ప్రాణంలా దాచుకున్న రహస్యాన్ని, అచ్చు వేయించిన గళ్ళల్లో, కొట్టొచ్చినట్టు కనిపించే అక్షరాలతో రాసి, ఇరవై రెండు మంది పిల్లల మధ్యకి నేనే పంపించాను.

సైకిల్ మీద ఎదురుగాలి. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. రిక్కెకి ఏం చెప్పాలి? మళ్ళీ బడి మార్చాలా? మళ్ళీ ఆ పేరు పెట్టేస్తారా? ముసలివాడా, నీకు ఆటలెందుకయ్యా అనుకున్నాను.

డోర్టె వరండాలో నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, నిదానస్తురాలు. ఆవిడ మొహంలో ఏముందో నాకు అంతుపట్టలేదు.

"తప్పయిపోయింది," అన్నాను ముందే.

"కూర్చోండి. జరిగింది చెప్తాను," అంది. "నోటుబుక్కు చదివేశాక నేను తలుపు దగ్గర ఒక పిల్లాడి బూట్లు విప్పుతున్నాను. ఈ వారం ఓలుఫ్ ఆల్బెర్టె ఇంటికి వెళ్ళాలి, అందుకని వాడు దాని ఒళ్ళో ఉన్నాడు. జేబులో కాగితం కనిపించింది. దానికి ఇప్పుడిప్పుడే చదవడం పట్టుబడింది కదా, పాల డబ్బా కనిపించినా వదలదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదవడం మొదలెట్టింది. 'పొట్ట బిగుసుకుపోయింది, టిల్డెకి లాగే' అనేదాకా నాకు అదేంటో తెలీలేదు."

"టిల్డె?"

"మోకాళ్ళ మీద మొహం దాచేసుకుంది. నేను లేచి వెళ్ళి కాగితం తీసుకోబోయాను. ఎవరో 'ఛీ' అన్నారు కూడా. అబద్ధం చెప్పను మీకు. కానీ ఆల్బెర్టె ఇవ్వదే! వెనక్కి తిరిగి కూర్చుని చదువుతోంది. గొట్టం, నీళ్ళు, నలభై నిమిషాలు, అన్నీ. చివరికి 'కస్టమర్ తప్పేమీ లేదు' అని చదివింది. చదివి, కాగితం ఇటూ అటూ తిప్పింది. 'ఇక్కడ సంతకం లేదు. మా నాన్న ఎలక్ట్రీషియన్. సంతకం లేకపోతే పని అయినట్టు కాదంటాడు' అంది."

నేను నేల చూపులు చూస్తున్నాను.

"'ఓలుఫ్‌కి రాయడం రాదుగా' అన్నాడు ఆ ఛీ అన్నవాడే. అప్పుడు టిల్డె లేచింది. బయటికి పరిగెడుతుందనుకున్నాను. నేరుగా వెళ్ళి నా బల్ల మీద పెన్ను తీసుకుంది, కాగితం నేల మీద పరిచింది, సంతకం పెట్టింది. పెట్టి, 'కస్టమర్ ఓలుఫ్ కాదు, నేను' అంది."

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. అద్దాల్లో మసకేమీ లేదు.

"ఆ తర్వాత గంటసేపు పాఠం లేదు, ప్రశ్నలే," అంది డోర్టె. "నీళ్ళు ముక్కులోంచి వస్తాయా అని ఒకడు. నలభై నిమిషాలు ఏం చేస్తావని ఇంకొకరు. నొప్పి పుడుతుందా అంటే, మా తాతయ్య కొలిస్తే పుట్టదు అంది. వెళ్ళండి, పెరట్లో ఉంది. మీ మీద కోపంగా ఉంది, ముందే చెప్తున్నా."

టిల్డె నన్ను చూసి ఊయల దిగి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, అచ్చం వాళ్ళ అమ్మలాగా. చంకలో ఓలుఫ్.

"నువ్వు చెయ్యి కలిపి మాటిచ్చావ్."

"ఇచ్చాను."

"మరి?"

"కావాలని చెయ్యలేదు తల్లీ. అలవాటు కొద్దీ పెట్టేశాను. అయినా తప్పు నాదే. వంద శాతం నాదే."

అది నా వంక వేలు చూపించింది. "అయితే ఇది మొదటి గడి."

"మొదటి గడే. వాడకంలో తప్పు. టిక్కు పెట్టుకుంటాను."

మూతి ఇంకా బిగించే ఉంది గానీ బుగ్గల్లో నవ్వు ఆగలేదు. నేను వంగి చిన్నగా అడిగాను. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఒకడు ఛీ అన్నాడు. నీకు పేగే లేకపోతే ఏం చేస్తావని అడిగా." ఓలుఫ్‌ని చంకలో సర్దుకుని, "శుక్రవారం ఆరింటికి సంచీ తీసుకుని ఇక్కడికి రావాలి నువ్వు," అంది.

"ఎందుకు?"

"ఎందుకేంటి? రాత్రి ఇక్కడే కదా పడుకునేది! డోర్టె టీచర్ల బాత్రూమ్ ఇస్తానంది. ఆల్బెర్టె తలుపు బయట కూర్చుని కథ చదువుతుంది. అది చాలా మెల్లిగా చదువుతుంది తాతయ్యా. ఒక్క పేజీకే నలభై నిమిషాలు అయిపోతాయి."

సరేనని తల ఊపాను. ఏడేళ్ళుగా డాక్టర్లు, మేము, అందరం కలిసి ఇప్పించలేకపోయినది ఏదో ఆ పిల్ల చేతికి వచ్చింది, నా తప్పువల్ల. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక రెండూ పడ్డాను.

రిక్కె గుర్తొచ్చింది. ఓలుఫ్ ఈ వారం ఆల్బెర్టె ఇంటికి, పై వారం ఇంకొకరింటికి పోతాడు. పిల్లలంటే సరే, ఆ మూడంతస్తుల కేకులవాళ్ళు, పడవలవాళ్ళు ఈ చీటీ విప్పి చదువుకోవడం నాకు ఇష్టం లేదు.

"ఆ చీటీ ఇటివ్వు తల్లీ. ఇంటికి తీసుకెళ్ళి దాస్తాను."

టిల్డె ఓలుఫ్‌ని వెనక్కి లాక్కుంది. "ఇవ్వను."

"అందరి ఇళ్ళకీ వెళ్తుందే అది. పెద్దవాళ్ళంతా చదువుతారు."

"చదవనీ. ఇంకో టీచర్ కూడా చదవాలి." జేబులోంచి చీటీ తీసి, విప్పి, నాకు దూరంగా పట్టుకుని చూపించింది. నేను రాసిన మాట కింద, గడి దాటి పక్క గడిలోకి పోయేంత పెద్దగా దాని పేరు. పెన్ను ఎంత నొక్కి పెట్టిందో, ఒకచోట కాగితం చిరిగింది. మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, ఓలుఫ్ జేబులో దోపి, పైనుంచి తట్టింది.

"తెల్లది కస్టమర్‌ది తాతయ్యా. నీకు పసుపుది ఉందిగా," అని ఊయల దగ్గరికి పరిగెత్తింది. అక్కడ ఆల్బెర్టె దానికోసం ఊయల పట్టుకుని ఉంది.

గేటు దగ్గర నిలబడి రిక్కెకి ఫోన్ చేశాను. మొదట అరిచింది, నాన్నా నీకు బుద్ధుందా అంది. అంతా చెప్పాక, సంతకం పెట్టిన సంగతి మళ్ళీ చెప్పించుకుంది.

"శుక్రవారం నేను కూడా రానా నాన్నా?" అంది చివరికి, ముక్కు ఎగబీలుస్తూ.

"వద్దులేమ్మా," అన్నాను. "అది నన్ను కూడా నీళ్ళు కొలిచి ఇంటికి పొమ్మంటుంది చూడు."